చూసి గీయడం

ఆలూరులోనో ఆదోనిలోనో బొమ్మలు నేర్చుకునే పిల్లలు పాత దేవుడి పటం చూసి గీస్తే చిన్నచూపు చూడకూడదు. మైకెలాంజెలో చిన్నతనంలో, జర్మన్ కళాకారుడు షోన్‌గావర్ చెక్కి అచ్చు వేసిన సెయింట్ ఆంథోనీ బొమ్మను చూసి రంగుల్లో వేశాడు. అందులోని దయ్యాల పొలుసుల కోసం చేపల బజారుకు వెళ్లాడని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. నకలు గీసేవాడికి ప్రతి గీతా ప్రశ్నే: ఈ మెడ ఎందుకిలా వంగింది, ఈ నీడ ఇక్కడే ఎందుకు ఆగింది? ఊరికే చూసే కన్ను వీటిని దాటిపోతుంది.

నకలు గీస్తే సొంతదనం చచ్చిపోతుందంటారు. జీవితమంతా నకళ్ల దగ్గరే ఆగిపోతే నిజమే. కానీ రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు అజంతా చిత్రాలను చూసి నేర్చుకున్నాడు. 1925లో, ముప్ఫై నిండకముందే పోయినా, ఆయన గీసిన తెలుగు స్త్రీలు ఎవరి నకళ్లూ కారు. లేపాక్షి గుడి కప్పు మీదా మైకెలాంజెలో కాలం నాటి దేవతలున్నారు. మన పిల్లల్ని పెన్సిలుతో అక్కడ కూర్చోబెట్టండి.