మొనెంవాసియా చరిత్ర: ఒక సాక్ష్యము, రెండు వాదములు

గ్రీసు దేశపు దక్షిణ ద్వీపకల్పమగు పెలొపొనీసస్సున స్లావు జాతులు ఎప్పుడు, ఏ మేరకు స్థిరపడినవి? ఈ ప్రశ్నను విచారించువారందరును కర్త పేరు తెలియని ఒక చిన్న బైజాంటియ గ్రంథము కడకు రాక తప్పదు. అదియే మొనెంవాసియా చరిత్ర. భిన్నపాఠములతో నిలిచిన యీ కృతి 1749లో తొలిసారి అచ్చయినది.

గ్రంథము చెప్పు కథ యిది. 587–88లో అవారులు, స్లావులు ఆ ద్వీపకల్పముపై బడిరి. పట్రాస్ పౌరులు ఇటలీలోని రేగియమునకును, కొరింథువారు ఏజినా ద్వీపమునకును వలసపోయిరి. స్పార్టా ప్రాంతమువారిలో కొందరు తీరమున దుర్గమమైన తావున మొనెంవాసియాను నిర్మించుకొనిరి. 218 ఏండ్ల పిమ్మట, 805 ప్రాంతమున, నికెఫొరస్ చక్రవర్తి సేనాని స్లావులను జయించెను. రేగియమునుండి పట్రాస్ ప్రజలను స్వస్థలమునకు రప్పించి, వారి ధర్మపీఠమును మెట్రొపాలిటన్ పీఠముగా హెచ్చించిరి.

విమర్శకుడు ఇచ్చట నిలిచి ఆలోచింపవలెను. 218 ఏండ్లనగా ఏడెనిమిది తరములు. వెడలినవారు వేరు, మరలివచ్చినవారు వేరు. అయినను పీఠ మొకటేయని చాటుట గ్రంథకర్త కవసరము. మన స్థలపురాణములను చదివినవారికి ఈ ధోరణి క్రొత్త కాదు. 932లో ఇంచుమించు ఇదే వృత్తాంతమును వ్రాసిన అరేథస్ సైతము పట్రాస్‌లో పుట్టినవాడే.

అంతమాత్రమున గ్రంథమును కల్పితమని త్రోసిపుచ్చరాదు. స్లావు మూలముగల గ్రామనామములును, ఒలింపియాలో బయల్పడిన చితాభస్మపు కుండలును వలసను ధ్రువపరచుచున్నవి.

ఈ వివాదము పండితగోష్ఠికే పరిమితమైనది కాదు. 1830లో జర్మను చరిత్రకారుడు ఫాల్మెరాయర్ ప్రాచీన గ్రీకుజాతి నశించినదని ప్రకటించెను. స్వాతంత్ర్యము నప్పుడే పొందుచున్న ప్రజలకు ఆ మాట మర్మాఘాతమైనది. నాటినుండి ఈ గ్రంథమును కొందరు శాసనమువలె తలదాల్చిరి, కొందరు అనుమానించిరి. 1950లో పీటర్ చరానిస్ దీని ప్రామాణ్యమును గట్టిగా సమర్థించెను.

కాని గ్రంథమును తుదివరకు చదివిన తెలియున దేమి? స్లావులు గ్రీకులను వెడలగొట్టి నాశనము చేసిరని చెప్పిన ఆ కలమే, ఆ గ్రీకు లెచ్చటెచ్చటికి తప్పించుకొనిరో వరుసగా లెక్కించుచున్నది. కొరింథునుండి మలేయా అగ్రమువరకు గల తూర్పుభాగము స్లావుల వశము కాలేదనియు చెప్పుచున్నది. ‘నాశనము’ అను ఒక్క పదమును పట్టుకొని తక్కిన వాక్యములను విడిచిన అనువాదము ఒక జాతి కంతటికి మరణశాసనము వ్రాయును. ఏలుబడి మారుట వేరు, ప్రజ నశించుట వేరు. ఈ భేదమును చెరపక చదివినప్పుడే యీ పాతసాక్షి మనకు ఉపకరించును.