వంచిన కట్టు

ఉగాది నాడు ఆలంపూర్ వైపు ఇళ్లలో పొయ్యి మీద శనగపప్పు ఉడుకుతుంటుంది. ఓళిగలనండి, భక్ష్యాలనండి, కొంచెం ఉత్తరానికి పోయి పోలెలనండి, కోస్తాకు దిగి బొబ్బట్లనండి, పప్పు ఉడికాక చిల్లుల గిన్నెలోకి వంచాల్సిందే. వంచాక మిగిలిన పప్పులో బెల్లం పడి పూర్ణమవుతుంది. కిందికి దిగిన నీళ్లు కట్టు. అందులో చింతపండు పులుసు, కారం, ఒక ముద్ద పూర్ణం వేసి మరిగించి, ఇంగువ తాలింపు పెడితే కట్టు చారు. ఒక్క గిన్నెలో, ఒక్క మంట మీద, పండుగ తీపీ దాని వెంట అన్నంలోకి పులుపూ కారమూ తయారవుతాయి. ఈ వారం నేను చెప్పదలచుకున్నదంతా ఆ వంచడంలోనే ఉంది. శనగ వంటలో తీపికొక విద్య, కారానికొక విద్య లేవు. గింజను ఏ దశలో ఆపాలో తెలియడమే విద్య, బెల్లమా ఉప్పా అన్నది చివర్లో తేలుతుంది. ఆ ఆపే పనిని ప్యాకెట్‌కు అప్పగించిన ఇంట్లో రెండు రుచులూ పలచబడతాయి.

ఈ మాట నడిగడ్డలో చెప్పడానికి కారణముంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నల్లరేగడిలో శనగకు పెద్దగా నీళ్లు పెట్టే పని లేదు. వానలు వెనక్కి తగ్గాక నేలలో మిగిలిన పదును, చలికాలపు మంచు చాలు. అక్టోబరు, నవంబరులో విత్తితే సంక్రాంతి దాటాక చేతికొస్తుంది. మాఘంలో వసంత పంచమికి ఆలంపూర్ జోగులాంబ బ్రహ్మోత్సవాలు జరిగే రోజులకు చేలల్లో గింజ ముదిరి ఉంటుంది. ఇక్రిశాట్, జబల్పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన జేజీ-11 రకం 1999లో విడుదలయ్యాక తుంగభద్రకు అటు కర్నూలు వైపు ఈ పంట బాగా విస్తరించింది. అది ఎండు తెగులును తట్టుకుంటుంది, ఎండలు ముదరకముందే కోతకొస్తుంది. ఇంత పండే చోట కూడా గింజ బస్తాల్లో మార్కెట్‌కు పోతుంది, పిండి ప్యాకెట్లలో ఇంటికొస్తుంది. 2025-26 రబీ మార్కెటింగ్ సీజన్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.5,650, అంటే కిలోకు రూ.56.50. బయటికి పోయిన గింజ పిండిగా తిరిగొచ్చేసరికి ధర ఎంత పెరుగుతుందో కిరాణా కొట్టు చీటీ చూస్తే తెలుస్తుంది.

మొదటి దశ నానబెట్టడం. శ్రావణమాసంలో వాయనానికిచ్చే శనగలు అక్కడే ఆగుతాయి, పచ్చిగానే పసుపు కుంకుమలతో చేతులు మారతాయి. మర్నాడు ఆ శనగలే గుగ్గిళ్లవుతాయి: ఉప్పేసి ఉడికించి, ఎండుమిర్చి, ఆవాలు, కరివేపాకు తాలింపు, పైన కాస్త కొబ్బరి. ఇదే తుంగభద్ర ఒడ్డున ఎగువకు పోతే మంత్రాలయం ఉంది. అక్కడి మాధ్వుల ఇళ్లలో ఉడికిన శనగపప్పును బెల్లం, నెయ్యి, కొబ్బరితో కలిపి హయగ్రీవమని నైవేద్యం పెడతారు. మాధ్వ యతి వాదిరాజ తీర్థులు పెట్టిన నైవేద్యాన్ని గుర్రం రూపంలో స్వామే తినిపోయేవాడని దాని కథ. గుగ్గిళ్లకూ హయగ్రీవానికీ మధ్య ఉన్న దూరమెంత? గింజ ఒకటే, నాననివ్వడం, ఉడకనివ్వడం ఒకటే. ఒకచోట పొట్టు ఉంచారు, ఒకచోట తీశారు. తేడా అంతా చివరి పావుగంటలో వచ్చింది.

వేయించడం ఇంకో దారి. తడిపి ఆరబెట్టిన శనగలను కాగిన ఇసుకలో వేయిస్తే పొట్టు పగిలి పుట్నాలవుతాయి. పుట్నాలంటే అప్పటికే వంటైపోయిన గింజ. అందుకే బెల్లం ముక్కతో నేరుగా నమలొచ్చు, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఉప్పుతో దంచి ఉగ్గాని మీద చల్లుకోవచ్చు, చెట్నీకి మళ్లీ వేయించకుండానే రుబ్బుకోవచ్చు. శనగపిండి అలా కాదు, అది పచ్చి పప్పు పిండి. నూనెలో గానీ నేతిలో గానీ దాని పచ్చివాసన పోవాలి. బజ్జీకి ఆ పని నూనె చేస్తుంది, శనగపిండి లడ్డూకు సన్న మంట మీద నెయ్యి చేస్తుంది. పప్పు దినుసుల్లో శనగకు ఒక ప్రత్యేకత ఉంది. పెసలు, మినుములు, కందుల్లో కొవ్వు నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్లుంటే శనగలో ఐదు దాకా ఉంటుంది. వేగుతున్నప్పుడు వీధి చివరి దాకా వచ్చే కమ్మదనంలో ఆ కొవ్వుకూ వాటా ఉంది. నెలల తరబడి ప్యాకెట్‌లో ఉన్న పిండి చేదెక్కడానికీ అదే కారణం. పైగా బఠానీ పిండి శనగపిండి రంగులోనే ఉంటుంది, ధర తక్కువ, కలిపితే కంటికి దొరకదు. కిలో పప్పు ఎండబెట్టి ఊళ్లో గిర్నీలో పట్టించుకుంటే ఈ రెండు బెడదలూ ఉండవు.

ఇక ఓళిగ పప్పు. అన్నింటికన్నా సన్నని గీత ఇక్కడే. పప్పును గంట నానబెట్టి, గ్లాసుకు నాలుగు గ్లాసుల నీళ్లతో మూత లేకుండా ఉడికిస్తే, వేళ్ల మధ్య నొక్కినప్పుడు మెత్తగా నలగాలి, గిన్నెలో మాత్రం పలుకు పలుకుగానే కనిపించాలి. అప్పుడు వంచాలి. ఒక నిమిషం ముందు వంచితే పూర్ణంలో పలుకులు తగిలి ఓళిగ తట్టేటప్పుడు పొర చిరుగుతుంది. ఆలస్యమైతే పప్పు నీళ్లలో కలిసిపోయి పూర్ణం జారుతుంది. బెల్లం మాత్రం పప్పు పూర్తిగా ఉడికాకే వేయాలి. బెల్లం పాకం తగిలిన గింజ ఆపైన మెత్తబడదు, చింతపండు పులుపు తగిలినా అంతే. బోరు నీళ్లలోని సున్నమూ అదే పని చేస్తుంది, గింజ గోడలను బిగించేస్తుంది. నానబెట్టే నీళ్లలో కాస్త ఉప్పు వేస్తే ఆ బిగువు సడలుతుంది. చిటికెడు వంటసోడా ఇంకా త్వరగా సడలిస్తుంది గానీ రుచినీ, బి1 విటమిన్‌నూ పట్టుకుపోతుంది. తీపి వంటకైనా కారం వంటకైనా నియమం ఇదే: ముందు గింజ మెత్తబడాలి, రుచి తర్వాత.

దీనికి ఎదురు వచ్చే మొదటి మాట బరువైనది. ఇదంతా ఎవరి పని? నానబెట్టేది, వంచేది, రుబ్బేది, తట్టేది ఇన్నాళ్లూ ఆడవాళ్లే. వాళ్లు కూలికీ ఉద్యోగానికీ పోతున్న రోజుల్లో పాత వంటను పొగడడమంటే ఆ చాకిరీని మళ్లీ వాళ్ల నెత్తినే పెట్టడం కాదా? ప్యాకెట్ పిండి, స్వీటు షాపు ఓళిగ ఆడవాళ్లకు ఇచ్చిన తెరిపిని తక్కువ చేయడం అన్యాయం. నేను కోరేది ఆ తెరిపిని వెనక్కి తీసుకోవడం కాదు, పనిని పంచుకోవడం. పైన చెప్పిన మెళకువల్లో మగవాడి చేతికి రానిది ఒక్కటీ లేదు. రాత్రి పడుకోబోయే ముందు శనగలు నీళ్లలో వేయడానికి రెండు నిమిషాలు పడుతుంది. పప్పు నొక్కి చూడడం పదేళ్ల పిల్లాడికీ నేర్పొచ్చు. కుక్కర్‌నూ కాదనక్కర్లేదు. నానిన గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల నీళ్లు పోసి ఒక్క కూత రాగానే దించితే కట్టూ దక్కుతుంది. నీళ్లు సరిపెట్టి నాలుగు కూతలు రానిస్తేనే ముద్దవుతుంది, చారుకు ఏమీ మిగలదు.

శనగ వాయువు చేస్తుందన్నది రెండో మాట. నిజమే. పేగుల్లో మన ఒంటికి అరగని ఒక జాతి చక్కెరలు ఇందులో ఉన్నాయి, అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి. నానబెట్టిన నీళ్లు పారబోస్తే వాటిలో కొంత పోతుంది. ఇంగువ, అల్లం, జీలకర్ర తాలింపులోకి రావడం వెనక తరాల అనుభవం ఉంది.

మూడోది షుగరు. పప్పుతో కలిసినంత మాత్రాన బెల్లం మందైపోదు. గ్లాసు పప్పుకు గ్లాసు బెల్లం పడిన పూర్ణాన్ని బలమైన ఆహారమని చెప్పుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. ఉడికిన శనగ ఒక్కటే అయితే మాత్రం రక్తంలో చక్కెరను నెమ్మదిగానే పెంచుతుంది. అందుకే గుగ్గిళ్లు వారంలో రెండుసార్లు చేసుకున్నా మంచిదే, ఓళిగలు పండుగకే. ఆ పండుగ రోజున ఓళిగ తినకూడని పెద్దవాళ్లకు కూడా ఆ పొయ్యి మీద వాటా ఉంది. పూర్ణం ముద్ద వేయకముందే, వాళ్లకోసం ఒక చిన్న గిన్నెలోకి కట్టు చారు తీసి పక్కన పెట్టాలి.