పరీక్ష ఎవరికి? – జంతువుల తెలివిపై ఒక గ్రంథం, మన అనువాదాలపై కొన్ని మాటలు

జంతువులకు తెలివి ఉన్నదా, ఉంటే ఏపాటిది అన్న ప్రశ్న చాలా పాతది. ఆ ప్రశ్నను తిరగవేసి, ఆ తెలివిని గుర్తించగలిగేటంత తెలివి మనకున్నదా అని మనిషినే నిలదీసిన గ్రంథమొకటి 2016లో ఆంగ్లంలో వెలువడింది. దాని పేరే ఈ ప్రశ్న. గ్రంథకర్త ఫ్రాన్స్ డి వాల్. నెదర్లాండ్స్‌లో పుట్టి, అమెరికాలో స్థిరపడి, చింపాంజీల సాంఘిక జీవితాన్ని దశాబ్దాల తరబడి పరిశీలించిన శాస్త్రజ్ఞుడాయన. 2024 మార్చిలో మరణించారు.

ఇస్లామీ విద్యలకు సంబంధించిన పత్రికలో ఈ గ్రంథ ప్రస్తావన ఎందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. కారణం లేకపోలేదు. ఇలాంటి పరిశోధనల వార్తలు ఈనాడు మన ప్రసంగాల్లోకి, కరపత్రాల్లోకి వెల్లువలా వస్తున్నాయి. వచ్చినవాటిని మనం వాడుకుంటున్న తీరు సరిగా ఉన్నదా లేదా అన్నది విచారించవలసి ఉన్నది. నేను జంతుశాస్త్రజ్ఞుణ్ణి కాను, అనువాదకుణ్ణి. మాటలను తూచడమే నా పని. ఆ తూకంతోనే ఈ గ్రంథాన్నీ, మనల్నీ చూడదలచాను.

దోషం పరీక్షలోనా, ప్రాణిలోనా?

గ్రంథంలో అన్నిటికంటే విలువైన భాగం గిబ్బన్ల వృత్తాంతం. గిబ్బన్ కొమ్మల మీదనే బ్రతికే కోతివంటి జంతువు. మన దేశపు అస్సాం అడవుల్లో ఉండే హూలక్ ఆ కోవలోనిదే. పూర్వపు పరిశోధకులు నేలమీద దారాలు పరచి, వాటి చివర తిండి కట్టి, లాగి తెచ్చుకోగలదో లేదో చూశారు. చింపాంజీలు లాగాయి, గిబ్బన్లు లాగలేదు. కనుక గిబ్బన్ మందమతి అని వ్రాసేశారు. 1960 దశకంలో బెంజమిన్ బెక్ అనే శాస్త్రజ్ఞుడు దాని చేతిని చూశాడు. కొమ్మను కొక్కెంలా పట్టుకొనేందుకు ఏర్పడిన చెయ్యి అది. చదునైన నేలమీద పరచిన దారాన్ని ఎత్తడానికి అది అనువైనది కాదు. ఆయన ఆ దారాలనే భుజాల ఎత్తున అమర్చాడు. గిబ్బన్లు చక్కగా లాగుకున్నాయి. మందమతి అన్న తీర్పు రద్దయింది.

ఏనుగు విషయమూ ఇంతే. అందనంత ఎత్తులో పండు పెట్టి కర్రలిస్తే, ఏనుగు ఆ కర్రతో పండును అందుకోదు. పనిముట్టు వాడే తెలివి దానికి లేదనుకున్నారు. కాని ఏనుగుకు తొండం చెయ్యి మాత్రమే కాదు, ముక్కు కూడా. దానితో కర్రను పట్టుకొంటే తిండిని వాసన చూసి తాకే దారి మూసుకుపోతుంది. వాషింగ్టన్ జంతు ప్రదర్శనశాలలోని కందుల అనే చిన్న ఏనుగుకు గట్టి పెట్టె ఒకటి ఇచ్చి చూశారు. అది పెట్టెను కాలితో నెట్టుకుంటూ వెళ్ళి, దానిపై ముందుకాళ్ళు మోపి నిలబడి పండు అందుకున్నది. ఈ విషయం 2011లో ప్రకటితమైంది.

ఈ ఉదాహరణలతో డి వాల్ నిరూపించిన సూత్రం ఒక్కటే. ఒక ప్రాణి పరీక్షలో తప్పినప్పుడు, తప్పినది ఆ ప్రాణియా, పరీక్ష పెట్టినవాడా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆయన వాదానికి పునాది డార్విన్ సిద్ధాంతం. ఆ పునాదిని అంగీకరించని పాఠకుడు కూడా ఈ సూత్రాన్ని కాదనలేడు. ఎందుకంటే దారం ఎంత ఎత్తున ఉన్నదన్నది కొలిచి చూసుకోదగిన సంగతి.

సాక్ష్యాన్ని తూచవలసిన చోట

అయితే గ్రంథకర్త చెప్పినదంతా తల వంచి స్వీకరించవలసినదేమీ కాదు. మనిషికీ జంతువుకూ పోలికలున్నాయంటే ససేమిరా ఒప్పుకోని ధోరణికి ఆయన ఒక ప్రత్యేకమైన పేరు పెట్టి, తన ప్రత్యర్థులను ఆ పేరుతో పదే పదే ఖండించారు. కాని ప్రత్యర్థికి పేరు పెట్టినంత మాత్రాన సాక్ష్యం సమకూరదు. ఒక చేష్టను సామాన్యమైన శక్తితో వివరించ వీలున్నప్పుడు ఉన్నతమైన మానసిక శక్తిని ఆపాదించరాదని లాయిడ్ మోర్గన్ 1894లో ఒక నియమం పెట్టాడు. దగ్గరి సంబంధం గల ప్రాణులు ఒకేలా ప్రవర్తిస్తే, వెనుక ఉన్న మనోవ్యాపారమూ ఒకటే అనుకోవడమే తేలికైన వివరణ అని డి వాల్ సమాధానం. చింపాంజీల విషయంలో ఈ సమాధానానికి బలమున్నది. చీమల దగ్గరకు, తేనెటీగల దగ్గరకు వచ్చేసరికి ఆ బలం చాలదు. అక్కడ వేరే సాక్ష్యం కావాలి.

2006లో న్యూయార్కు బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల ముందు పెద్ద అద్దం నిలిపారు. ఆ పరిశోధకులలో డి వాల్ కూడా ఒకరు. మూడు ఏనుగులను పరీక్షించగా, తలమీద వేసిన గుర్తును అద్దంలో చూసి తడుముకున్నది హ్యాపీ అనే ఏనుగు ఒక్కటే. పరిశోధకులు దీన్ని దాచలేదు. ప్రచారంలో మాత్రం 'ఏనుగులు తమను తాము గుర్తిస్తాయి' అన్న వాక్యమే మిగిలింది. మూడింట ఒకటి అన్న లెక్క జారిపోయింది. అలాగే జపానులోని క్యోటోలో అయుము అనే చింపాంజీ, తెరమీద ఐదవ వంతు సెకను పాటు మెరిసి మాయమైన ఐదు అంకెల స్థానాలను దాదాపు 80 శాతం సరిగా గుర్తించింది. విద్యార్థులు 40 శాతం దగ్గరే ఆగిపోయారు. ఇది 2007 నాటి మాట. తగిన అభ్యాసమిస్తే మనుషులు కూడా ఆ స్థాయిని అందుకోగలరని ఆ తరువాతి మూడేళ్ళలోనే వేరే పరిశోధకులు చూపారు. మొదటి వార్త దేశదేశాలు తిరిగింది, రెండవది తిరగలేదు.

హదీసు విద్య అభ్యసించిన వారికి ఈ జబ్బు కొత్తది కాదు. మాట ఎవరు చెప్పారు, ఎవరి నుండి విన్నారు, మధ్యలో ఏ పదం జారిపోయింది అని అడగడమే మన పెద్దలు మనకిచ్చిన విద్య. క్రీ.శ. 9వ శతాబ్దంలో బస్రా నగరానికి చెందిన అల్ జాహిజ్ తన బృహద్గ్రంథం 'కితాబుల్ హయవాన్'లో జంతువుల గురించి ఎన్ని వింతలు సేకరించాడో, అంతగా వాటిని శంకించాడు కూడా. అరిస్టాటిల్ చెప్పాడన్న కారణంతోనే దేన్నీ ఒప్పుకోలేదు. ఎక్కడ సందేహించాలో నేర్చుకోవడం కూడా విద్యలో భాగమేనని ఆయన భావం.

చీమ, గాజు, ఒక అనువాదకుడు

ఇక మన సంగతి. ఇక్కడ నా తప్పుతోనే మొదలుపెడతాను. సుమారు పదిహేనేళ్ళ క్రితం ఉర్దూ నుండి ఒక కరపత్రం తెలుగు చేశాను. దివ్యఖుర్ఆన్ 27వ సూరా 'అన్ నమ్ల్' 18వ ఆయత్‌లో, సులైమాన్ (అ) సైన్యం తొక్కివేస్తుందని ఒక చీమ తోటి చీమలను హెచ్చరించిన ఉదంతం పాఠకులకు తెలిసిందే. అక్కడి క్రియాపదానికి 'గాజులా పగలడం' అని అర్థమనీ, చీమ శరీరం గాజుతో నిర్మితమైనదని శాస్త్రజ్ఞులు కనుగొన్నారనీ ఆ కరపత్రం చెప్పింది. నేను సంతోషంగా అనువదించాను. అచ్చయింది, పంచారు, ప్రసంగాల్లో వినిపించింది.

కొంతకాలానికి నాకు అరబీ నేర్పిన వృద్ధ ఉస్తాదుగారు ఆ కాగితం చేతబట్టి, "బేటా, ఏ నిఘంటువులో చూశావు?" అని మాత్రం అడిగారు. నేను చూడలేదు. ఆ ధాతువుకు నలగగొట్టడం, తునకలు చేయడం అని అర్థం. దాని నుండి వచ్చిన 'హుతామ్' అనే మాటను దివ్యఖుర్ఆనే ఎండి పొట్టయిపోయిన పైరుకు వాడింది. 39, 56, 57 సూరాలలో చూడవచ్చు. పైరు గాజు కాదు గదా! ఇకపోతే శాస్త్రం వైపు చూసినా, చీమ పైపెంకు కైటిన్ అనే పదార్థంతో ఏర్పడింది. రొయ్య పెంకులో ఉండేదీ అదే. అంటే ఆ కరపత్రం భాషలోనూ తప్పింది, శాస్త్రంలోనూ తప్పింది. ఒక కరపత్రం నుండి మరొక కరపత్రంలోకి ఇలా దూకే మాటలను చూస్తే, 'గొర్రెదాటు' అనే మాటను గొర్రెలకు అంటగట్టడం అన్యాయమనిపిస్తుంది.

విచారకరమేమంటే, చీమ గురించి నిజంగా తెలిసిన విషయాలు ఆ కల్పనకంటే ఎంతో ఆశ్చర్యకరమైనవి. సహారా ఎడారి చీమ తిండి వెదుకుతూ ఎంతో దూరం వంకర టింకరగా తిరిగి, తిరుగు ప్రయాణంలో తిన్నగా పుట్టకు చేరుతుంది. 2006లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, తిండి దొరికిన చోట చీమల కాళ్ళకు పంది వెంట్రుకలు అంటించి పొడవు పెంచారు. ఆ చీమలు పుట్టను దాటి ముందుకు వెళ్ళిపోయి అక్కడ వెదకసాగాయి. కాళ్ళు కురచ చేసిన చీమలు పుట్ట చేరకముందే ఆగిపోయాయి. అంటే అవి దూరాన్ని తమ అడుగులతోనే కొలుస్తున్నాయన్నమాట. దీనితో ఆయత్‌ను 'రుజువు' చేయబూనవలసిన పని లేదు. ఆయత్ మన పరిశోధనాశాలల ధ్రువపత్రం కోసం ఎదురుచూడటం లేదు. ఈనాటి పరిశోధన రేపు మారవచ్చు. అలా మారేదానిపై దైవవాక్యాన్ని నిలబెట్టడం వాక్యానికి సేవ కాదు.

మందా, సముదాయమా?

అన్ఆమ్ సూరా 38వ ఆయత్ అనువదించేటప్పుడు నాకు ఎదురైన చిక్కు ఇక్కడ చెప్పాలి. నేలపై తిరిగే జంతువులనూ, రెక్కలతో ఎగిరే పక్షులనూ దివ్యఖుర్ఆన్ అక్కడ 'ఉమమ్' అన్నది. 'ఉమ్మత్' అనే మాటకు బహువచనమది. మన తెలుగులో జంతువులకైతే మంద, గుంపు, దండు అంటాం. మనుషులకైతే సమాజం, సముదాయం అంటాం. మాటల్లోనే గోడ కట్టుకున్నాం. ఆయత్ ఆ గోడ కట్టలేదు, ఇద్దరికీ ఒకే మాట వాడింది. పోలిక దేనిలో అన్న విషయమై ఇమామ్ రాజీ తన తఫ్సీర్‌లో అనేక అభిప్రాయాలు పేర్కొన్నారు. అందులో ఒక్కదాన్ని పట్టుకొని తెలివిలో పోలిక అని నేను శాసించలేను. కాని 'మంద' అని వ్రాయడానికి కలం సాగలేదు. 'సముదాయాలు' అనే వ్రాశాను.

బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఒక హదీసు ఉన్నది. పూర్వం ఒక ప్రవక్తను చీమ కుట్టగా ఆయన చీమలపుట్టనే తగలబెట్టించారు. కుట్టిన చీమ ఒకటైతే, తనను స్తుతించే ఒక ఉమ్మత్‌నే దహించావా అని అల్లాహ్ ఆయనను మందలించాడు. ఇక్కడా అదే మాట. ఆ మందలింపు చీమకు ఎంత తెలివి ఉన్నదన్న లెక్కపై ఆధారపడలేదన్నది గమనార్హం.

తెలిసిన తరువాత

డి వాల్ గ్రంథంలో ప్రధాన విషయం తెలివిని ఎలా పరీక్షించాలన్నదే. తెలిసిన తరువాత మనపై పడే బాధ్యత అందులో ప్రధాన విషయం కాదు. మనకు మాత్రం అసలు విషయం అక్కడే మొదలవుతుంది. 10వ శతాబ్దపు 'ఇఖ్వానుస్సఫా' రచనల్లో, జంతువులు జిన్నుల రాజు ఎదుట మనిషిపై ఫిర్యాదు చేసే కథ ఉన్నది. 1810లో మౌల్వీ ఇక్రామ్ అలీ చేసిన ఉర్దూ అనువాదం ద్వారా అది మన దేశంలో ఎందరికో పరిచితం. మనిషి తన రూపం, తెలివి, వృత్తివిద్యలు చూపి గొప్పలు చెప్పుకొంటే, జంతువులు ఒక్కొక్కదానికే సమాధానమిస్తాయి. చివరకు మనిషికి మిగిలిన ప్రత్యేకత పరలోక జీవితం, అక్కడి శిక్షాబహుమానాలు. అంటే జవాబు చెప్పుకోవలసినవాడు మనిషే.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి సమీపంలో బాబ్రహాం సంస్థ పరిశోధకులు 2001లో, గొర్రెలు 50 తోటి గొర్రెల ముఖాలను రెండేళ్ళకు పైగా గుర్తుంచుకోగలవని చూపారు. 2004లో అదే సంస్థవారు మరొకటి ప్రకటించారు. ఒంటరిగా ఉంచిన గొర్రెకు తన జాతి గొర్రె ముఖం బొమ్మ చూపితే దాని అరుపులు తగ్గాయి, గుండె వేగం తగ్గింది, రక్తంలో భయాన్ని సూచించే రసాయనాలు తగ్గాయి. మేక ముఖమో, త్రికోణమో చూపితే అంతటి ఉపశమనం కలగలేదు.

జిబహ్ చేసేటప్పుడు కత్తి పదును పెట్టుకోవాలనీ, జంతువుకు బాధ తగ్గించాలనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. జంతువు చూస్తుండగా కత్తి నూరుతున్న వ్యక్తిని ఆయన మందలించినట్లు కూడా హదీసు ఉన్నది. ఈ ఆదేశాలు 2001 కోసం ఆగలేదు. ఆగినవారం మనమే. బక్రీదు ముందు రోజుల్లో లారీల్లో ఒకదానిపై ఒకటి కుక్కిన గొర్రెలనూ, ఒకదాని కళ్ళెదుటే మరొకదాన్ని పడవేయడాన్నీ మనం చూస్తూనే ఉన్నాం. గొర్రె ముఖాలను గుర్తుపడుతుందన్న వార్తను మన గ్రంథపు గొప్పతనానికి మరొక రుజువుగా ప్రసంగంలో వినిపించడం తేలిక. ఆ సాయంత్రమే ఖుర్బానీ స్థలంలో ఒక గుడ్డ తెర కట్టించడం అంతకంటే కష్టమేమీ కాదు. అయినా మొదటిది జరిగినన్ని సార్లు రెండవది జరగటం లేదు.

డి వాల్ గ్రంథాన్ని చదవమని పాఠకులకు నిస్సంకోచంగా చెబుతాను. లోపాలున్నా, పరీక్ష పెట్టేవాణ్ణి ముందు పరీక్షించమన్న అందులోని మాట మనకు పనికివస్తుంది. ఉస్తాదుగారు నన్ను ఏ నిఘంటువు అని అడిగింది అందుకే. ఆ కరపత్రం ఇప్పటికీ అక్కడక్కడ పునర్ముద్రణ అవుతూనే ఉన్నది. అందులోని తెలుగు నాదే. ఎవరి చేతికైనా వస్తే ఆ గాజు మాటను కొట్టివేసి చదువుకోవలసిందిగా ఈ పుటల ద్వారా కోరుతున్నాను.