తెలుగు వచనమున మజిలీ

'మజిలీ' యను మాట అరబ్బీ 'మంజిల్' నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. దిగుచోటు దాని యర్థము. బిడారులు సాగిన బాటలవెంట వ్యాపించిన యీ పదము తెలుగున విడిది, బస, మకాము అను పదముల సరసన నిలిచినది. మన వచనవాఙ్మయమున రెండు గ్రంథములకు ఆకృతి నొసగినది యీ మజిలీయే. ఒకటి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర. రెండవది మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీకథలు. మొదటిదానిని చరిత్రకారులకును, రెండవదానిని బాలురకును విడిచిపెట్టుట పరిపాటి యైనది. ఈ విభాగము సరికాదని మా తలంపు.

చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరెను. వెంట సుమారు నూరుగురు పరివారము. ఆయన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు పంపుచు వచ్చిన వృత్తాంతము 1838లో అచ్చుపడినది. అప్పటికి ఆయన జీవించి లేడు.

ఈ గ్రంథమును చదువువారికి మొదట తోచు దోషము పునరుక్తి. ఊరు ఎన్ని ఆమడలు, నీరు కలదా, అంగళ్లున్నవా, దిగుటకు స్థలమున్నదా అను ప్రశ్నలే మాటిమాటికి వచ్చుచుండును. కాని నూరుగురితో సాయంకాలమునకు ఒక యూరి పొలిమేర చేరినవానికి ఇవి తప్పని ప్రశ్నలు. తరువాత ఆ దారిని రాబోవువానికిని ఇవియే కావలెను. కనుక ఈ పునరుక్తిని రచనాలోపముగా గాక, వెనుకవచ్చు బాటసారియెడల రచయిత వహించిన పూచీగా గ్రహింపవలెను.

మరియొక విశేషము గమనింపదగినది. ఇందు వచనపు నిడివి నిలుకడ నిడివి ననుసరించును. ఒక పూట దిగిన పల్లెకు రెండు మూడు వాక్యములు చాలును. హైదరాబాదు, కాశి వంటి చోట్ల బస సాగినకొలది ఆచారములు, మతము, పరిపాలన అన్నియు చర్చకు వచ్చును. శ్రీశైలమున యాత్రికులవద్ద కందనవోలు నవాబు సుంకము గైకొనుచు ఆలయమును బాగుచేయకుండుటను ఆయన దాచక వ్రాసెను. నడకలో కన్ను చూచినదానిని నిలుకడలో బుద్ధి విమర్శించుచున్నది. ఆ వచనము వాడుకభాషలో నుండుటయు ఇందుకు తోడ్పడినది.

దీక్షితులవారు రైలుబండ్లు వచ్చిన తరువాతివారు. వారి గ్రంథమున బాట దాదాపు మాయమైనది. దూరమును కొలుచునది కథయే. ప్రతి మజిలీలోను గోపుడు ఏదో వింతను చూచి దాని కారణ మడుగును. మణిసిద్ధుడు తన మణిప్రభావమున పూర్వవృత్తాంతమును తెలిసికొని చెప్పును. ఏ మజిలీకి ఆ మజిలీ యొక రాజ్యము, ఒక ప్రణయము, ఒక శాపము. నీటివసతిని గూర్చిన చింత అచట కానరాదు. ఇది నష్టమే.

అయినను ఒక లాభమున్నది. వీరాస్వామయ్య గ్రంథమున నడచినవారు బోయీలు. చూచి, ప్రశ్నించి, వ్రాసినవాడు పల్లకిలోనివాడు. దినమున కెంతదూరమో నిర్ణయించునది బోయీల కాళ్లే యైనను, దారిలో వారికి తోచిన ప్రశ్న లేవో మనకు తెలియవు. దీక్షితులవారి కథలలో అడుగువాడు పశువులకాపరి. తాను చూచిన వింతకు కథ చెప్పవలె ననునదియే అతడు కాశికి తోడువచ్చుటకు పెట్టిన షరతు. వెంట నడచువాని కుతూహలము తీరనిదే యాత్ర ముందుకు సాగదు.

కావున ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చదువుట యుక్తము. మొదటిదానిలో మజిలీ యెట్టిదో తెలియును. అచట దిగిన సేవకుని మనస్సు తెలియదు. రెండవదానిలో సేవకుడు నోరు విప్పెను. కాని అతని కాలిక్రింది నేల తొలగిపోయినది. ఆ నేలయు, ఆ నోరును ఒక్కచోట చేరిన యాత్రావచనమునకై తెలుగు పాఠకుడు ఎదురుచూచుట న్యాయమే యని మా యభిప్రాయము.