పక్కకు తప్పుకొనే విద్య

విజయనగరం, విశాఖపట్నం, శ్రీకాకుళం. ఒక పూటలో చుట్టి రాగల ఊళ్లు. తెలుగు కథకు దారి వేసినవాళ్లలో నలుగురు ఈ మూడు ఊళ్ల మనుషులే: గురజాడ అప్పారావు, చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు (కారా మాస్టారు). ఒకరి రాత మరొకరి రాతలా ఉండదు. అయినా నలుగురికీ పట్టుబడిన విద్య ఒకటుంది. పాత్రలు మాట్లాడవలసిన చోట రచయిత పక్కకు తప్పుకోవాలని వాళ్లకు తెలుసు. కథ రాయాలనుకునేవాళ్లు ముందుగా నేర్చుకోవలసింది ఇదేనని నా గట్టి నమ్మకం.

గురజాడ 'దిద్దుబాటు' 1910 ఫిబ్రవరి 'ఆంధ్రభారతి'లో వచ్చింది. అంతకుముందే, 1902లో, భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' రాశారు. కాబట్టి 'దిద్దుబాటు' గొప్పతనాన్ని తొలి కథ అన్న పేరులో వెతకనక్కర్లేదు, దాని కట్టుబడిలో చూడాలి. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన భర్త గోపాలరావు తలుపు దగ్గర కథ మొదలవుతుంది. ఊరు పేరు, వంశం, పూర్వకథ ఏమీ చెప్పరు. భార్య కమలిని గదిలో కనిపించదు, ఉత్తరం మాత్రం ఉంది. ఇక అక్కడి నుంచి గోపాలరావు కంగారు, కోపం, నౌకరు రాముడి మీద విసుగు, ఆ తర్వాత పశ్చాత్తాపం అన్నీ మాటల్లోనే నడుస్తాయి. కమలిని చివరిదాకా మన కంటపడదు, కానీ కథనంతా నడిపించేది ఆమే. మొగుణ్ణి దిద్దాలన్న ఉద్దేశంతో రాసిన కథలో రచయిత ఒక్క నీతివాక్యమూ పలకలేదు. ఆ పని కమలిని ఉత్తరం చేసింది, ఆఖర్న ఆమె నవ్వు చేసింది.

చాసో ఈ పొదుపును ఇంకా ముందుకు తీసుకెళ్లారు. 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథలో కృష్ణుడు చదువు ఆగిపోయిన పిల్లవాడు. తండ్రి చుట్టలు కొనుక్కురమ్మని డబ్బులిచ్చి పంపుతాడు. దారిలో బడి ఉంది. తోటిపిల్లలు లోపల, వాడు బయట. పేదరికం గురించి గానీ, ఫీజుల గురించి గానీ చాసో ఉపన్యాసం ఇవ్వరు. బడి, చుట్టల డబ్బు, వెతుక్కుంటూ వచ్చిన తండ్రి, ఇవి చాలు ఆయనకు. కొడుకు ఏడుపుకు తండ్రి దగ్గర జవాబు లేదు. జవాబు లేనివాడు చివరికి చేతనైన ప్రశ్న అడుగుతాడు: డబ్బులు పారేశావా అని. దానికి పిల్లవాడిచ్చే జవాబే కథ పేరు. ఇంకొక్క వాక్యం రాసి ఉంటే పాఠకుడికి జాలి కలిగేదేమో గానీ, ఆ తండ్రి సిగ్గు మాత్రం మన ఒంటికి తగిలేది కాదు. ఎక్కడ ఆపాలో తెలియడం కథకుడి చేతిపనిలో సగం.

రావిశాస్త్రిని చూస్తే ఈ మాట చెల్లదేమో అనిపిస్తుంది. ఆయన కలం ధారాళంగా మాట్లాడుతుంది. పోలిక మీద పోలిక, వాక్యం మీద వాక్యం పేర్చుకుంటూ పోతుంది. కానీ 'ఆరు సారా కథలు'లోని 'మాయ' చదవండి. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, కోర్టుకు కొత్తయిన కుర్ర ప్లీడరుకు లోకం నడిచే తీరు విప్పి చెబుతుంది. కీలకమైన ఆ చోట రావిశాస్త్రి తన నేర్పునంతా మడిచి పక్కన పెట్టి ఆమెకే మాట అప్పగించారు, అదీ ఆమె విశాఖ యాసలో. యాస అక్కడ ఊరి గుర్తు కోసం పెట్టిన అలంకారం కాదు. చట్టం చేతిలో నలిగిన మనిషి ఆలోచన ఆ పలుకులోనే ఉంది. దాన్ని పుస్తకభాషలోకి మారిస్తే సాక్ష్యమే మారిపోతుంది. విశాఖ కోర్టుల్లో వకీలుగా రోజూ అలాంటివాళ్లను విన్న చెవి కాబట్టే అది సాధ్యమైంది.

కారా మాస్టారిది మరో పద్ధతి. 1960ల్లో వచ్చిన 'యజ్ఞం'లో సుందరపాలెం ఊరు, అప్పల్రాముడి బాకీ మీద పంచాయితీ, శ్రీరాములునాయుడి న్యాయం నిదానంగా, పేజీల తరబడి సాగుతాయి. ఎవరి వాదన వాళ్లు వినిపిస్తారు. ధర్మమే గెలిచినట్టు కనిపిస్తుంది. అప్పుడు అప్పల్రాముడి కొడుకు, తన బిడ్డ బానిస బతుకు బతకకూడదని, చేసే పనితో అంతదాకా విన్న న్యాయమంతా తలకిందులవుతుంది. ఆ ముగింపు మీద దశాబ్దాల పాటు వాదాలు నడిచాయి. రచయిత తీర్పు రాసేసి ఉంటే అన్ని వాదాలకు చోటే ఉండేది కాదు.

వీళ్ల జీవితాల్లోనూ ఒక పాఠం ఉంది. గురజాడ విజయనగరం సంస్థానంలో ఉద్యోగి, రావిశాస్త్రి వకీలు, కారా విశాఖలో లెక్కల మాస్టారు. పూటగడవడానికి వేరే పని ఉంది. ఆ పనిలోనే మనుషులు ఎదురయ్యారు. కారా ఆట్టే రాయలేదు, 1970ల తర్వాత మరీ అరుదు. అయితే కథను వదల్లేదు. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాక, తనకొచ్చిన పురస్కారాల డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం ప్రారంభించారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట దొరకాలన్నది సంకల్పం. పాత పత్రికల కోసం ఆయన ఊరూరూ తిరిగారు, రచయితలకు ఉత్తరాలు రాశారు. పేరున్నవాళ్లవీ, ఒక్క కథతో ఆగిపోయినవాళ్లవీ అక్కడ పక్కపక్కనే ఉంటాయి. 2021లో కన్నుమూసేదాకా ఆయన ధ్యాస దాని మీదే. కథలో పక్కకు తప్పుకొన్న మనిషి, జీవితంలో పక్కవాళ్ల కథలకు చోటిచ్చారు. రెండూ ఒకే స్వభావం.

కొత్తగా రాస్తున్నవాళ్లు ఈ నాలుగు కథలనూ వరసగా చదవాలి, వీలైతే పైకి చదవాలి. ఏ మాట ఎవరి నోట పెట్టారో, ఏది చెప్పకుండా వదిలేశారో గుర్తుపెట్టుకోవాలి. ఆ తర్వాత తమ కథ ముందేసుకుని, పాత్ర అనవలసిన మాట తాము అనేసిన చోటల్లా కొట్టేయాలి. పాఠకుడు తెలివైనవాడన్న గౌరవం ఉంటే ఆ కొట్టివేత కష్టమనిపించదు. నూరేళ్లకు పైగా తెలుగు కథను నిలబెట్టింది ఆ గౌరవమే.