వ్రాతప్రతియు సంపాదకుడును: మన బాలసాహిత్యమును గూర్చి ఒక విమర్శ

పిల్లల కొరకు పుస్తకము వ్రాయుట సులభమను అపోహ మనలో చిరకాలముగా పాతుకొనియున్నది. పద్యకావ్యము వ్రాయబూనువాడు ఛందస్సు నేర్చును. నాటకము వ్రాయువాడు రంగస్థలమును గమనించును. పిల్లల కథకు మాత్రము కొంత తీరికయు, ఒక నీతివాక్యమును ఉన్న చాలునని తలచెదము. ఆ తలంపుతో పుట్టిన వ్రాతప్రతి సంపాదకుని బల్లపైకి పోయి తిరిగివచ్చినప్పుడు, ఆయనకు రసజ్ఞత లేదని నిందించుట పరిపాటి. ఈ నింద ఎంతవరకు న్యాయమో విచారింపవలసియున్నది.

ఈ విచారణకు చెన్నపట్టణమే తగిన చోటు. తెలుగు బాలపత్రికల చరిత్రలో ముఖ్యమైన ఘట్టములు నేటి తెలుగు రాష్ట్రముల ఎల్లలకు వెలుపల, ఆ నగరముననే జరిగినవి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో అక్కడ ‘బాల’ను స్థాపించిరి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్ల ‘చందమామ’ వెలువడెను. ‘బాల’ పిల్లల చేతనే వ్రాయించుటకు పూనుకొన్నది. ‘చందమామ’ పెద్దలు వ్రాసినదానిని పిల్లలకు తగినట్లు మలచినది. ఈ మలచుట యనునదే సంపాదకుని పని.

కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుండి 1980లో కీర్తిశేషులగు వరకు చందమామ సంపాదకత్వమును నిర్వహించిరి. పెద్దల కథలలో మధ్యతరగతి జీవితమును నిర్దాక్షిణ్యముగా పరీక్షించిన ఆ కలము పిల్లల పత్రికలో తన పదునును పైకి కనబడనీయలేదు. నానా ప్రాంతముల నుండి వచ్చు కథలను తిరుగవ్రాసి, చిన్న వాక్యము, తెలిసిన మాట, తడబడని నడక గల ఒకే శైలికి తెచ్చుట వారి పద్ధతి. కథపై పేరు ఒకరిది, శ్రమ ఇద్దరిది. ఆ పద్ధతికి ఒక లోపమును చెప్పక తప్పదు. అన్ని సీమల పలుకుబడులును ఆ ఒక్క శైలిలో కరగిపోయినవి. హొసూరు తెలుగు గాని, బరంపురము తెలుగు గాని అందు వినబడదు. అయినను, సంపాదకుని దాటి రాని కథ లేదను క్రమశిక్షణ ఆ పత్రికకు ప్రాణమైనది. 2007లో దాని యాజమాన్యము మారెను. కొన్ని ఏండ్లకు ప్రచురణయే ఆగిపోయెను. పత్రిక పోయినదని మనమందరమును చింతించితిమి. దానితోపాటు పోయిన సంపాదకుని బల్లను గూర్చి చింతించినవారు తక్కువ.

నేడు మన నడుమ జరుగుచున్నదేమి? రచయిత తన వ్రాతప్రతిని ఏ సంపాదకునకును చూపక, సొంత సొమ్ముతోనో ఒక సంఘము సాయముతోనో అచ్చువేయించును. అందు కథలు పది, ముందుమాటలు నాలుగు. ఆవిష్కరణ సభలో శాలువలు కప్పుదురు. అటుపిమ్మట ప్రతులు కట్టలు విప్పకయే అటకపై నిలిచిపోవును. ఈ పుస్తకము ఏ వయస్సు పిల్లలకని అడిగినవారు లేరు. ముందుమాటలు వ్రాసినవారందరును అరువది దాటినవారే!

సొంతముగా అచ్చువేయుట తప్పు కాదు. ఆంగ్లదేశమున బియాట్రిక్స్ పాటర్ యను రచయిత్రి 1893లో జబ్బుపడిన ఒక బాలునకు బొమ్మలతో వ్రాసిన ఉత్తరమే ‘పీటర్ రాబిట్’ కథకు మూలము. ప్రచురణకర్తలు నిరాకరింపగా, 1901 డిసెంబరులో ఆమె 250 ప్రతులను తానే అచ్చువేయించుకొన్నది. కాని అక్కడ ఆగలేదు. ఫ్రెడరిక్ వార్న్ సంస్థ కోరినట్లు బొమ్మలకు రంగులు వేసి, కొన్నింటిని తీసివేయుటకు అంగీకరించి, 1902లో లోకమునకు అందించినది. ఆ కథ మొదట ఒక్క పిల్లవానికై పుట్టినది; పిదప సంపాదకుని షరతులకు తలయొగ్గినది. ఈ రెండును మన పుస్తకములలో లోపించుచున్నవి.

ఆ దేశమున రచయితకును ప్రచురణకర్తకును నడుమ ఏజెంటు ఉండును. తగిన వ్రాతప్రతిని ఎంచి, తగిన సంపాదకునకు చేర్చుట అతని వృత్తి. అటువంటి ఏజెంటు ద్వారా వెళ్లినను, ‘హారీ పోటర్’ తొలి పుస్తకమును పలువురు ప్రచురణకర్తలు త్రోసిపుచ్చిరి. లండనులోని బ్లూమ్స్‌బరీ సంస్థ అధిపతి మొదటి అధ్యాయమును తన ఎనిమిదేండ్ల కుమార్తె చేతికిచ్చెననియు, తక్కిన భాగము కావలెనని ఆమె పట్టుపట్టెననియు ప్రసిద్ధము. 1997లో ఆ పుస్తకము వెలువడెను. తెలుగున ఏజెంటు వ్యవస్థ వేరూనలేదు. కావున ఆ వడపోతయు రచయితయే చేసికొనవలయును.

వడపోయవలసినవేవి? మొదటిది భాష. ‘అంతట ఆ శశకము భయవిహ్వలమై పలాయనమయ్యెను’ అని వ్రాసిన కథను ఏడేండ్ల పిల్ల వినదు. ‘కుందేలు భయపడి పరుగు తీసింది’ అన్నచో వినును. పెద్దలకు వ్రాయు ఇట్టి వ్యాసముల భాష వేరు, పిల్లల చెవికి వ్రాయు భాష వేరు. రెండవది నీతి. కథలో ఇమడని నీతిని చివర అతికించుట రచయితకు తన కథపై నమ్మకము లేదనుటకు గుర్తు. మూడవది వాత్సల్యము పేర జరుగు స్వగతము. ‘మా చిన్ననాట’ అని మొదలైన కథలో పెక్కుమార్లు పిల్లవాడుండడు. పెద్దవాని బెంగ మాత్రమే ఉండును.

పంపు విధమును గూర్చి కొలదిగా చెప్పిన చాలును. ఆ సంస్థ పుస్తకములను ముందుగా చదువవలయును. ఢిల్లీలో 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు, సికిందరాబాదులోని మంచి పుస్తకము, చెన్నైలోని తూలిక—వీనిలో దేని అభిరుచి దానిదే. లేఖ క్లుప్తముగా ఉండవలయును. వయస్సు, నిడివి, కథాసారము తెలిపినచో చాలును. మనుమలు మెచ్చిరను మాట సంపాదకునకు సాక్ష్యము కాదు. బొమ్మల పుస్తకమైనచో, బొమ్మ చెప్పగలదానిని మాట మరల చెప్పరాదు; చిత్రకారుని ఎంపికను సాధారణముగా సంపాదకునకే విడువవలయును. ఒకే ప్రతిని ఇద్దరికి పంపినచో ఆ సంగతి ఇద్దరికిని తెలుపుట మర్యాద.

ఇక ప్రవాసాంధ్రులమైన మన విషయము వేరుగా ఆలోచింపదగినది. బెంగుళూరు, హొసూరు, బరంపురము, షోలాపురములలో తెలుగు మాటాడు పిల్లలు కలరు. తెలుగు చదువు పిల్లలు అంతమంది లేరు. తమిళనాట 2006 నాటి చట్టముచే పాఠశాలలలో తమిళము నిర్బంధ పాఠ్యమైన పిమ్మట, తెలుగు లిపి నేర్చు అవకాశము మరింత సన్నగిల్లినది. యానాములో బడి తెలుగును అందించుచున్నది. తక్కిన పెక్కు చోట్ల తల్లియో తాతయో చదివి వినిపించిననే పుస్తకము పిల్లవానికి చేరును. కావున మనము పంపు ప్రతి వాక్యమును నోటికి హాయిగాను, చెవికి తేటగాను ఉండవలయును. మన ఊరి పలుకును దాచుకొననవసరము లేదు. నాటి శైలిలో కరగిపోయినదానిని నేటి సంపాదకులు కాపాడగలరు.

సంఘములకు ఒక విన్నపము. అచ్చుకు కేటాయించు సొమ్ములో సగము నిపుణుడైన ఒక సంపాదకునకు పారితోషికముగా ఇండు. ఆయన చూచుటకు ముందు పదిమంది పిల్లలను కూర్చుండబెట్టి, రచయిత కాక మరియొకరు ఆ ప్రతిని చదివి వినిపింపవలయును. ఏ పుటలో పిల్లలు కిటికీ వైపు చూచిరో అక్కడ గీత పెట్టుడు. గీతలు తగ్గువరకు తిరుగవ్రాసి, పిదప పంపుడు. ఏటికి పది పుస్తకములకు మారుగా రెండే వచ్చుగాక! ఆ రెండును పిల్లల చేతులలో నలిగి చిరిగిపోయినచో, సంఘము వెచ్చించిన సొమ్ము సార్థకమైనట్లే.