‘మనం’ అనే మాట: హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానుల సంభాషణపై ఒక విమర్శ

ఇంతవరకు మీరు చదివిన విమర్శ భాగాలలో కథ, నవల, కవిత వంటి అచ్చయిన రచనలే పరిశీలనకు వచ్చాయి. ఈ భాగంలో తీసుకున్నది అచ్చులో లేనిది. ఫుట్‌బాల్ అభిమానులు తమ క్లబ్బు భవిష్యత్తు గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకునే మాటలే ఇక్కడ మన విమర్శకు వస్తువు. వీటికి రచయిత లేడు, మొదలూ తుదీ లేవు. అయినా వీటికి అలవాటైన వాక్యాలున్నాయి, ఎత్తుగడలున్నాయి, పైకి చెప్పకుండా దాటవేసే సంగతులూ ఉన్నాయి. కథలో మీరు ఏం వెతుకుతారో ఇక్కడా అదే వెతకవచ్చు.

ఈ మాటలు వినడానికి శంషాబాద్ అనువైన చోటు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాల రాకపోకలు ఇక్కడికి మారాక ఈ ప్రాంతానికి రాత్రి అంటూ లేకుండా పోయింది. యూరప్ చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు మన గడియారం ప్రకారం చాలావరకు అర్ధరాత్రి దాటాకే మొదలవుతాయి. ఆ వేళకు మెలకువగా ఉండే షిఫ్టు ఉద్యోగులు, క్యాబ్ డ్రైవర్లు, చేతిలో ఫోను, పక్కన టీ బండి, అన్నీ ఇక్కడ ఉన్నాయి. అలాంటి చోట వినిపించే వాక్యాలు మీకు కొత్తవేమీ కావు. “ఈసారన్నా మనం టాప్ ఫోర్‌ల ఉంటమా?” “మనోళ్లకు డిఫెన్సే లేదురా.” “కొత్త ఓనర్ వస్తే గాని మనం బాగుపడం.”

మూడు వాక్యాల్లోనూ ‘మనం’ ఏదో ఒక రూపంలో ఉందని గమనించండి. ఉత్తమ పురుష బహువచనానికి తెలుగులో రెండు రూపాలున్నాయని వ్యాకరణంలో చదివే ఉంటారు. ‘మేము’ వినేవాణ్ని బయట ఉంచుతుంది. ‘మనము’ ఉభయప్రార్థకం, అంటే వినేవాణ్నీ లోపలికి తెచ్చుకుంటుంది. ముక్కూమొహం తెలియని మనిషిని కూడా “మనది ఏ ఊరండీ?” అని అడగగలిగేది అందుకే. ఇంగ్లీషు అభిమాని తన జట్టును ‘వి’ అన్నప్పుడు ఈ తేడా కనిపించదు. మ్యాచ్ గెలిచిన ఆటగాడు విలేకరులతో “మేము బాగా ఆడాం” అంటాడు. అదే మ్యాచ్ చూసిన అభిమాని పక్కవాడితో “మనం గెలిచాం” అంటాడు. బంతిని తాకని మనిషి, బంతిని తాకని మరో మనిషిని ఆ గెలుపులోకి ఆహ్వానిస్తున్నాడు. అభిమానుల మాటల్లో అన్నిటికన్నా అందమైనది ఈ ఆహ్వానమే.

అయితే ఆ ‘మనం’ దేని మీద నిలబడి ఉంది? ఇందుకు హైదరాబాద్ ఎఫ్‌సి చరిత్రను మించిన ఉదాహరణ మనకు దొరకదు. 2019లో పుణె సిటీ క్లబ్బు మూతపడినప్పుడు ఇండియన్ సూపర్ లీగ్‌లో దాని స్థానంలోకి హైదరాబాద్ వచ్చింది. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం సొంత మైదానమైంది. ఆ ఏడాది నవంబరు 2న అక్కడ ఆడిన మొదటి మ్యాచ్‌లో కేరళ బ్లాస్టర్స్‌పై 2-1తో గెలిచింది కానీ, సీజను ముగిసేసరికి పట్టికలో అట్టడుగునే మిగిలింది. తరువాతి రెండు సీజన్లు కరోనా కారణంగా మొత్తం గోవాలోనే జరిగాయి. స్పెయిన్‌కు చెందిన కోచ్ మనోలో మార్కెజ్ శిక్షణలో, 18 గోల్స్ చేసిన నైజీరియా ఆటగాడు బార్తొలొమ్యూ ఒగ్బెచె తోడుగా, జట్టు 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్ ఆడింది. ప్రత్యర్థి మళ్లీ కేరళే. స్కోరు 1-1 దగ్గర ఆగింది. పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపడంతో హైదరాబాద్ 3-1తో కప్పు గెలిచింది. సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడని సీజన్‌లో ఊరు చాంపియన్ అయింది! ఆ రాత్రి ‘మనం’ అన్నవారిని ఎవరు తప్పుపడతారు?

ఆ తరువాత సర్వనామం ఎలా చీలిందో చూడండి. జీతాల బకాయిలు పెరిగాయి. కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం వచ్చింది. ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023-24 సీజన్‌లో 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, చివరి స్థానం. ఆ కాలపు మాటల్లో జట్టు ఇంకా ‘మనం’గానే ఉంది, యాజమాన్యం మాత్రం ‘వాళ్లు’ అయింది. “వాళ్లు పైసలిస్తలేరు, మనం ఓడుతున్నం.” 2024లో కొత్త యజమాని వచ్చినప్పుడు ఈ రెండూ మళ్లీ కలుస్తాయన్న ఆశ పుట్టింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఈ చివరి సంగతిని మనవాళ్లు ఎక్కువగా ఎలా చెబుతారు? “క్లబ్బు పోయింది”, “ఢిల్లీకి తరలిపోయింది” అని. తనంతట తానే లేచి వెళ్లినట్టు. ‘తరలించారు’ అనే సకర్మక క్రియ వాడితే వెంటనే ‘ఎవరు, ఎవరిని అడిగి?’ అనే ప్రశ్న వస్తుంది. ‘తరలిపోయింది’ అంటే ఆ ప్రశ్న రాదు. వర్షం వచ్చింది, ఎండ పోయింది, క్లబ్బు తరలిపోయింది. నా అభిప్రాయంలో ఈ సంభాషణ బలహీనత ఇక్కడే ఉంది. అయిదారేళ్ల పాటు ఎడమ వైపు డిఫెండర్ ఎవరు, ఫార్మేషన్ ఏది, ప్లేఆఫ్ అవకాశం ఎంత అన్న వాటి మీద ఖర్చయిన మాటల్లో, లైసెన్సు ఎవరి పేరున ఉంది, ఊరు మార్చాలంటే ఎవరి అనుమతి కావాలి అన్నది దాదాపుగా లేదు. పుణె ప్రస్తావనా లేదు. 2019లో మన ‘మనం’ మొదలైంది పుణె అభిమాని ‘మనం’ ఆగిపోయిన చోటే కదా!

అలాగని అభిమాని ‘మనం’ వట్టి భ్రమ అని తేల్చేయడం తొందరపాటు. అది వాస్తవ వర్ణన కాదు, ఒక దావా. దావా వేసే చోటు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. లండన్ క్లబ్బు వింబుల్డన్‌ను మిల్టన్ కీన్స్ పట్టణానికి మార్చడానికి 2002లో అనుమతి ఇచ్చినప్పుడు, అక్కడి అభిమానులు అదే ఏడాది ఏఎఫ్‌సి వింబుల్డన్ అనే సొంత క్లబ్బు పెట్టుకున్నారు. కింది స్థాయి లీగ్‌ల నుంచి ఎక్కుతూ 2011కల్లా అది ఫుట్‌బాల్ లీగ్‌కు చేరింది. జర్మనీలో, కొద్ది మినహాయింపులు వదిలేస్తే, క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలన్నది లీగ్ నియమం. ఆ దేశపు బొరుసియా డార్ట్‌మండ్‌తో హైదరాబాద్ ఎఫ్‌సి 2020లో భాగస్వామ్య ఒప్పందం చేసుకుంది. ఆ పేరు విని మనవాళ్లు సంబరపడ్డారు. భాగస్వామ్యం వచ్చింది గానీ ఆ నియమం రాలేదు.

ఇక్కడ ‘విదేశీ మద్దతు’ అనే మాటను కొంచెం విప్పి చూడాలి. మన సంభాషణలో అది ఎప్పుడూ బయటి నుంచి వచ్చి కాపాడేది. ముంబై సిటీలో 65 శాతం వాటాను 2019లో కొన్న సిటీ ఫుట్‌బాల్ గ్రూప్ 2025 చివర్లో దాన్ని వదులుకుంది. డబ్బు వచ్చిన దారినే వెళ్లగలదు. రెండో అర్థం మరీ ఆసక్తికరం. మాంచెస్టర్ క్లబ్బు కోసం శంషాబాద్‌లో మేలుకున్న కుర్రవాడు ఆ క్లబ్బు లెక్కలో ‘విదేశీ మద్దతు’. చొక్కా కొంటాడు, చందా కడతాడు, ‘మనం’ అంటాడు. 2021 ఏప్రిల్‌లో యూరోపియన్ సూపర్ లీగ్ ప్రకటన వెలువడ్డ రెండు రోజులకే ఆరు ఇంగ్లీషు క్లబ్బులు వెనక్కి తగ్గాయి. అందుకు ఒక ముఖ్య కారణం స్టేడియం గేట్ల ముందు నిలబడ్డ స్థానిక అభిమానులు. మనవాడి కోపం ఎంత నిజమైనదైనా ఆ గేటు ముందు నిలబడలేడు. తాను నిలబడగలిగిన గేటు గచ్చిబౌలిలో ఉండేది.

2025 డిసెంబరు 13న లియొనెల్ మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో వేలమంది చూశారు. అదే ఏడాది ఊరి క్లబ్బు వెళ్లిపోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి అభిమానులను ఎగతాళి చేయడం తేలిక. నేనైతే చేయను. మెస్సీని చూడాలన్న కోరికలో తప్పేమీ లేదు. కానీ ఆ రోజు వచ్చింది అతిథి. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, దాన్ని తీర్చిదిద్ది 1962లో భారత జట్టుకు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం, ఈ ఊరివారు.

ఇప్పుడు మిగిలిన క్లబ్బు సంగతి. శంషాబాద్ నుంచి అంత దూరం కాని చోటు అజీజ్‌నగర్. శ్రీనిధి డెక్కన్ క్లబ్బు మైదానం అక్కడే. 2022-23, 2023-24 ఐ-లీగ్ సీజన్లలో అది రెండో స్థానంలో నిలిచింది. ఆ రెండేళ్లూ మొదటి స్థానంలో నిలిచిన జట్లు సూపర్ లీగ్‌లోకి వెళ్లాయి. ఒక్క మెట్టు తేడా. ఇంత దగ్గరలో ఇంత కథ ఉన్నా, టీ బండి దగ్గర దాన్ని ‘మనం’ అనడం నేను అరుదుగానే విన్నాను. ‘ఆ అజీజ్‌నగరోళ్లు’ అంటారు.

అభ్యాసం: మీ ఊళ్లో ఏ ఆట గురించైనా జరిగే ఒక పది నిమిషాల సంభాషణను, మాట్లాడేవారి యాసను మార్చకుండా, వారి అనుమతితో రాసుకోండి. అందులో ‘మనం’, ‘మేము’, ‘వాళ్లు’ ఎవరెవరిని సూచిస్తున్నాయో, ఎక్కడ ఒకటి మరొకటిగా మారిందో గుర్తించండి. కర్త లేకుండా చెప్పిన వాక్యాలను విడిగా రాసి, ప్రతిదానికీ కర్తను చేర్చి తిరగరాయండి.